హెడర్లు వేశాక మిస్సింగ్: ట్యూనింగ్ చేయించాలా, ముందు బిగింపు చూసుకోవాలా?

ప్రశ్న

పోయిన వారం నా బండికి కంపెనీ మానిఫోల్డ్‌లు (ఇంజిన్ నుంచి కాలిన గ్యాసు బయటికి పోయే గొట్టాలు) తీసేసి, వాటి బదులు లాంగ్ ట్యూబ్ హెడర్లు (సిలిండరుకో పొడవాటి గొట్టం ఉండేవి) వేసుకున్నాను. నేనే బిగించాను. వీ8 పెట్రోల్ ఇంజిన్, సిలిండరుకో ఇగ్నిషన్ కాయిల్, కాయిల్ నుంచి స్పార్క్ ప్లగ్‌కి పొట్టి వైరు. మొదటి రోజు బాగానే నడిచింది, రెండో రోజు నుంచి స్లోలో (ఐడిల్‌లో) వణుకుతోంది, కొంచెం లోడ్ మీద తొక్కితే చాలు దడదడమని మిస్సింగ్ (సిలిండరులో పెట్రోలు సరిగ్గా మండకపోవడం). స్కానర్‌లో పీ0300, పీ0305 అనే మిస్సింగ్ కోడ్‌లు రెండూ ఉన్నాయి. ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) స్లోలో మొదటి బ్యాంకు (సిలిండర్ల ఒక వరస) +18, రెండో బ్యాంకు +3. తెలిసినవాళ్లంతా "ట్యూనింగ్ లేకుండా హెడర్లు వేస్తే అంతే" అంటున్నారు. నిజంగా ట్యూనింగ్ (ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోలు లెక్కలు మార్చడం) లేకపోవడం వల్లే మిస్ అవుతుందా?

మొదటి జవాబు

అవును అన్నా, అదే కారణం. హెడర్లు వేస్తే కాలిన గ్యాసు తేలిగ్గా బయటికి పోతుంది, లోపలికి గాలి ఎక్కువ వస్తుంది, కానీ ఈసీయూలో ఉన్నది పాత మానిఫోల్డ్‌కి రాసిన మ్యాప్ (పెట్రోలు లెక్కల పట్టిక). గాలి పెరిగి పెట్రోలు అంతే ఉంటే లీన్ అవుతుంది, లీన్ అయితే మిస్ అవుతుంది. మీ +18 చెబుతున్నది కూడా అదే కదా. నా బండి కూడా ట్యూనింగ్ తర్వాతే సాఫీగా నడిచింది. ఒక్కో వైరూ ఒక్కో గాస్కెట్టూ వెతుక్కుంటూ కూర్చుంటే రోజులు పోతాయి, నేరుగా ట్యూనర్ దగ్గరికి వెళ్లండి.

రెండో జవాబు

నేను దీనికి అస్సలు ఒప్పుకోను. హెడర్లు రెండు పక్కలా వేశారు. మ్యాప్ చాలకపోతే రెండు పక్కలా చాలకూడదు కదా? ఒక పక్క +18, ఇంకో పక్క +3 వచ్చిందంటే తేడా ఆ ఒక్క పక్కనే ఉంది. పీ0305 అంటే అయిదో సిలిండర్. బేసి సంఖ్యలన్నీ మొదటి బ్యాంకులో ఉండే ఇంజిన్ అయితే అది కూడా అదే పక్క. మొదటి రోజు బాగుండి రెండో రోజు చెడింది అన్నారు చూడండి, మ్యాప్ రాత్రికి రాత్రి మారదు, వేడికి కాలిపోయే వస్తువు మారుతుంది.

స్లోలోనూ మామూలు నడకలోనూ ఈసీయూ క్లోజ్డ్ లూప్‌లో ఉంటుంది, అంటే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి పెట్రోలు తానే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. హెడర్ల ప్రభావం గట్టిగా కనిపించేది పై ఆర్పీఎంలలో, ఫుల్ థ్రాటిల్ మీద. స్లోలో ఇంజిన్ వణికేంత తేడా ఇలాంటి ఇంజిన్‌లో దాని వల్ల రాదు.

ఇక +18 సంగతి. సెన్సర్ పెట్రోలుని చూడదు, ఆక్సిజన్‌ని చూస్తుంది. సెన్సర్‌కి ముందు ఫ్లాంజ్ (హెడర్ ఇంజిన్‌కి బిగించే అంచు) దగ్గర చిన్న లీక్ ఉంటే, ఎగ్జాస్ట్ ఒక్కో తోపుగా వెళ్తుంది కాబట్టి రెండు తోపుల మధ్య పీడనం పడిపోయినప్పుడు బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు పోస్తూ పోతుంది, నిజానికి ఇంజిన్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడుస్తుంటుంది. మిస్ అయిన సిలిండర్ కూడా ఇదే పని చేస్తుంది, కాలని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది కదా. కాబట్టి +18 చూసి లీన్ వల్లే మిస్ అవుతోంది అనడం తలకిందుల లెక్క కావచ్చు, మిస్ అవడం వల్లే ఆ అంకె వచ్చి ఉండొచ్చు. ఆ పక్క ప్లగ్‌లు తీసి చూడండి, నల్లగా మసి పట్టి ఉంటే నిజంగా లీన్ కాదన్నమాట.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, ఈ స్థితిలో ట్యూనింగ్‌కి తీసుకెళ్తే తప్పుడు రీడింగ్‌ని నమ్మి మ్యాప్ రాస్తారు. రేపు ఆ లీక్ మానిన రోజు ఆ మ్యాప్ కూడా తప్పైపోతుంది. నేను ఒకసారి సరిగ్గా ఇలాగే చేయించుకుని, ఒకే పనికి రెండుసార్లు ట్యూనింగ్ చేయించాను.

ముందు మీ చెయ్యి పడిన చోట్లే చూడండి. రాత్రి పూర్తి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుస్తుండగా అయిదో ప్లగ్ వైపు చూడండి, వైరు హెడర్ ట్యూబుకి తగిలి కాలి ఉంటే నీలం నిప్పురవ్వ ట్యూబులోకి దూకడం కనిపిస్తుంది. సన్నగా నీళ్లు స్ప్రే చేస్తే ఇంకా తేలిగ్గా బయటపడుతుంది, చేతులు మాత్రం దూరం పెట్టండి. బూటు (వైరు కొసన ఉండే రబ్బరు టోపీ) ప్లగ్ మీద టక్కున కూర్చుందో లేదో చూడండి. ప్లగ్ తీసేటప్పుడు సాకెట్ వంకరైతే పింగాణీ సన్నగా చీలుతుంది, పైకి కనిపించదు, కాబట్టి లెన్సుతో చూడండి. అయిదో కాయిల్ తీసి ఏడులో వేయండి, కోడ్ పీ0307 అయితే తప్పు కాయిల్‌ది, పీ0305 గానే ఉంటే వైరు లేదా ప్లగ్.

లీక్‌కి అయితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషం వినండి. టిక్ టిక్ మని వచ్చి, వేడెక్కాక లోహం వ్యాకోచించి ఆగిపోతే అది ఫ్లాంజే. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని ఇంకో కొస ఫ్లాంజ్ చుట్టూ తిప్పితే చోటు తెలుస్తుంది.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటుంటే మాత్రం బండి తీయొద్దు. కాలని పెట్రోలు కన్వర్టర్‌ (ఎగ్జాస్ట్ గ్యాసుని శుభ్రం చేసే భాగం) లోకి వెళ్లి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కరిగిపోతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

బ్యాంకుల తేడా నేను సరిగ్గా చూడలేదు, నిజమే. కానీ గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ లేకుండా స్పీడ్ డెన్సిటీ మీద నడిచే ఇంజిన్లు ఉన్నాయి, అక్కడ గాలి లెక్క అంతా మ్యాప్ లోంచే వస్తుంది. కార్బ్యురేటర్ బండికైతే జెట్ మార్చకపోతే నిజంగానే లీన్ అవుతుంది, సర్దుకునే ఈసీయూ ఉండదు కదా. హెడర్లకి ట్యూనింగ్ అక్కర్లేదు అని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

రెండో జవాబు ఇచ్చినవారు

అక్కర్లేదు అని నేను అనలేదండీ. కార్బ్యురేటర్ విషయంలో మీ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. నా గొడవంతా వరస గురించే.

ప్రశ్న అడిగినవారు

రాత్రి చూశాను. అయిదో వైరు బూటు ట్యూబుకి ఆనుకుని కరిగి, పక్కన సూదిమొన అంత చిల్లు పడింది. ప్లగ్ పింగాణీ మీద పై నుంచి కింద దాకా నల్ల గీత ఉంది. కొత్త ప్లగ్, కొత్త వైరు, దాని మీద వేడి ఆపే తొడుగు వేసి ట్యూబుకి దూరంగా కట్టాను. మిస్సింగ్ పూర్తిగా పోయింది, కానీ ట్రిమ్ +18 నుంచి +9 దగ్గరే ఆగింది. మీరన్న టిక్ టిక్ పొద్దున్న వినబడింది. వెనక బోల్టు దాదాపు సగం చుట్టు తిరిగింది! గాస్కెట్ కూడా ఒక చోట నల్లబడి ఉంది, లోహపు పొరలది కొత్తది వేశాను. ఇప్పుడు +2. ట్యూనింగ్‌కి ఇక వెళ్లొచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు

ఇంకొన్ని రోజులు ఆగండి. మూడు నాలుగు సార్లు బాగా వేడెక్కి చల్లారాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్లాంజ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసుకోండి. అప్పటికీ రెండు బ్యాంకుల ట్రిమ్‌లు దగ్గరదగ్గరగా ఉంటే నిశ్చింతగా ట్యూనింగ్‌కి వెళ్లండి, ఫుల్ థ్రాటిల్ మీద వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ (గాలి, పెట్రోలు పాళ్లు కచ్చితంగా చూపే ఆక్సిజన్ సెన్సర్) తో చూసి మ్యాప్ రాయమనండి.