అప్‌డేట్: కోపం, తీర్మానాలు, కృప

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఇంట్లో వాళ్ళ మీద కోపం ఆపుకోలేకపోతున్నాను, ఎన్ని తీర్మానాలు చేసుకున్నా నిలవడం లేదు, దేవుని కృప మీద ఆధారపడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు తర్వాత ఏం జరిగిందో చెప్పాలి కదా.

మీరు చెప్పినట్టే చెన్నైలో మేం వెళ్ళే తెలుగు సంఘం పాస్టరు గారిని కలిశాను. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని అపొస్తలుడైన పౌలే రాశాడంటూ బైబిల్లో రోమా పత్రిక 7వ అధ్యాయం చూపించారు. అక్కడ ఆపకుండా 8 కూడా చదివించారు. నా ప్రశ్నకు అసలు జవాబు మాత్రం ఫిలిప్పీ 2:12, 13లో దొరికింది. మీ రక్షణను కొనసాగించుకోండి అంటూనే, ఆ ఇష్టాన్నీ ఆ పనినీ మీలో కలిగించేది దేవుడే అంటాడు పౌలు. మన ప్రయత్నం ఉంటుంది, దానికి బలం ఆయన దగ్గర నుంచి వస్తుంది. ఈ చర్చ చాలా పాతది కూడా. సొంత సంకల్పంతోనే పాపం లేకుండా బతకొచ్చన్న పెలాగియస్ అనే బోధకుడి మాటను ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ ఎదిరించాడు, క్రీ.శ. 418లో కార్తేజిలో జరిగిన బిషప్పుల సభ దాన్ని తోసిపుచ్చింది.

ఇప్పుడు కోపం వచ్చినప్పుడు అక్కడికక్కడే, ప్రభువా నా వల్ల కాదు, సాయం చెయ్యి అని అడుగుతున్నాను. పూర్తిగా పోలేదు. కానీ మునుపు నోరు జారితే సిగ్గుతో ప్రార్థనే మానేసేవాణ్ణి, ఇప్పుడు వెంటనే అమ్మ దగ్గరికి వెళ్ళి క్షమించమంటున్నాను. నాకు ఇదే పెద్ద ఊరట.

పాస్టరు గారితో ఇప్పుడు గలతీ పత్రిక చదువుతున్నాను. 5వ అధ్యాయంలో ఆశానిగ్రహాన్ని కూడా ఆత్మ ఫలంలోనే, అంటే పరిశుద్ధాత్మ మనలో కలిగించే గుణాల్లోనే చేర్చాడు పౌలు.