హైలక్స్‌కి పొడవు వీల్ స్టడ్లు: ఏం చూసి కొనాలి?

ప్రశ్న: నా టయోటా హైలక్స్ పికప్‌కి కొత్త అల్లాయ్ వీల్స్, స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేశాక, వీల్ స్టడ్ (చక్రం బిగించే మర బోల్టు) మీద నట్టు నాలుగు చుట్లే పడుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో స్టడ్లు మార్పిద్దామనుకుంటున్నాను. ఏ కొలత అడగాలి?

జవాబు: నాలుగు చుట్లతో బండి రోడ్డెక్కించకండి. మీది 12 మి.మీ. స్టడ్, పిచ్ (ఒక్కో చుట్టుకి నట్టు జరిగే దూరం) 1.5 మి.మీ. అంటే పట్టు 6 మి.మీ. మాత్రమే. స్టడ్ మందమంత పట్టు, అంటే కనీసం 8 చుట్లు ఉండాలి. 10 మి.మీ. పొడవెక్కువది తీసుకోండి. ఒక కొస మూసి ఉన్న మూత నట్లయితే మాత్రం జాగ్రత్త. స్టడ్ కొస లోపల మూతకి తగిలి ఆగిపోతే, బిగిసినట్టే ఉంటుంది గానీ వీల్ వదులే.

జవాబు: పొడవు కంటే ముఖ్యం, తల కింద గాట్లున్న భాగం. పాత స్టడ్ తీసి ఆ మందాన్ని వెర్నియర్‌తో కొలిపించండి. కొత్తది సన్నగా ఉంటే హబ్‌లో (స్టడ్లు దిగి ఉండే, చక్రం బిగించే భాగం) స్టడ్ తిరుగుతుంది, ఇక నట్టు ఊడదు. లావైతే హబ్ పగలొచ్చు. సుత్తితో కొట్టనివ్వకండి, బేరింగ్ దెబ్బతింటుంది. హబ్ విప్పి ప్రెస్ మీదే ఎక్కించాలి, తల వెనక పూర్తిగా ఆనాలి.

జవాబు: నట్టు అడుగు కూడా చూడండి. కంపెనీ అల్లాయ్ నట్లకి చదును వాషర్ ఉంటుంది, బయటి అల్లాయ్‌లకి ఎక్కువగా కోన్ నట్లే (అడుగు ఏటవాలుగా ఉన్నవి) కావాలి. మరలకి గ్రీజు వద్దు. ఎదురెదురుగా, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), మాన్యువల్లో ఉన్నంతే బిగించి, 100 కి.మీ. లోపు మళ్లీ చూడండి. ఇంపాక్ట్ గన్‌తో (నట్లు బిగించే మెషిన్) బిగించి పంపేస్తామంటే వేరే షాపు చూసుకోండి.