కరిష్యే అంటే చేస్తానా, చేసుకుంటానా?

అందరికీ నమస్కారం. మొన్న వినాయక చవితికి పుస్తకం చూసి పూజ చేసుకుంటుంటే, సంకల్పం దగ్గర మా అమ్మాయి నన్ను ఆపేసింది. దానికి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. "అమ్మా, కరిష్యే ఏంటి? కరిష్యామి కదా! మాకు పఠిష్యామి, గమిష్యామి అనే చెప్పారు" అంది. అక్కడితో ఊరుకోలేదు. జంబూద్వీపే, భరతవర్షే, వాసరే... అన్నీ ఏకారంతోనే ముగుస్తున్నాయి, కరిష్యే కూడా ఆ వరసలోదేనా అని ఇంకో ప్రశ్న. చేతిలో అక్షతలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ళుగా చదువుతున్న వాక్యం. ఒక్క మాటకీ అర్థం చెప్పలేకపోయానని చాలా బాధేసింది. గ్రూపులో పెద్దలు కాస్త వివరంగా చెబుతారా? మాది హైదరాబాద్.

* * *

అమ్మా, ముందుగా మీ అమ్మాయికి నా ఆశీస్సులు. చదివేదాన్ని ఆపి అడగాలనిపించడమే చదువు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, తేలిక కాబట్టి. జంబూద్వీపే అంటే జంబూద్వీపంలో. భరతవర్షే అంటే భరతవర్షంలో. వాసరే అంటే వారంలో, అంటే ఆ రోజున. ఇవన్నీ సప్తమీ విభక్తి. అకారంతో అంతమయ్యే మాటలకు అక్కడ ఏకారం వస్తుంది. తిథి, సన్నిధి ఇకారాంతాలు, ఋతువు ఉకారాంతం, అందుకే తిథౌ, సన్నిధౌ, ఋతౌ అయ్యాయి. మన "లో", "న" చేసే పనే అక్కడ ఏకారమూ ఔకారమూ చేస్తున్నాయి.

కరిష్యే చివర ఉన్న ఏకారం మాత్రం వేరే. అది "నేను" అని చెప్పే ఏకారం. వందే అంటే నమస్కరిస్తున్నాను, భజే అంటే సేవిస్తున్నాను, శరణం ప్రపద్యే అంటే శరణు వేడుతున్నాను. ఇవన్నీ మనకు రోజూ వినపడేవే. కరిష్యే వాటి తోబుట్టువు. చెవికి ఒకేలా వినిపిస్తాయి కానీ ఒకటి చోటునీ కాలాన్నీ చెబుతుంది, ఇంకొకటి మనిషిని చెబుతుంది.

ఇక అసలు ప్రశ్న. కరిష్యామి తప్పు కాదు. కృ ధాతువు ఉభయపది, రెండు రూపాలూ ఉన్నాయి. పరస్మైపదంలో కరిష్యామి, ఆత్మనేపదంలో కరిష్యే. పరస్మై అంటే ఇతరుల కోసం, ఆత్మనే అంటే తన కోసం. ఇలాంటి ధాతువుల విషయంలో పాణిని పెట్టిన నియమం ఒకటి ఉంది. చేసే పని ఫలం చేసేవాడికే చెందితే ఆత్మనేపదం వాడాలి. దీనికి పాతకాలం నుంచీ చెప్పే ఉదాహరణ యాగమే. యాగం చేసుకునేవాడి విషయంలో యజతే అంటారు. చేయించే ఋత్విక్కుల విషయంలో యజంతి అంటారు. ఋత్విక్కులకు దక్షిణ ముడుతుంది, నిజమే. కానీ యాగఫలం వాళ్ళది కాదు. ఆ యజతే నుంచి వచ్చిందే యజమాన శబ్దం, "తన కోసం యజించేవాడు" అని. ఇంటి యజమాని, కొట్టు యజమాని అని మనం రోజూ అనే మాట వెనక ఒక హోమగుండం ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇప్పుడు తెలుగులోకి రండి. మీ పోస్టులో మీరే ఏమని రాశారో చూడండి, "పూజ చేసుకుంటుంటే" అన్నారు. చేస్తుంటే అనలేదు. శ్రావణమాసంలో పక్కింటావిడ "వ్రతం చేసుకున్నారా?" అనే అడుగుతుంది. పంతులుగారి దగ్గరికి వచ్చేసరికి "వ్రతం బాగా చేయించారు" అంటాం. నూనె నా తలకైతే రాసుకుంటాను, పిల్లాడి తలకైతే రాస్తాను. తెలుగు వ్యాకరణాల్లో ఈ "కొను"ను ఆత్మార్థకం అంటారు. సంస్కృతం క్రియ చివర రూపం మార్చి చెప్పేదాన్ని మనం కొను చేర్చి చెబుతాం. కాబట్టి కరిష్యేకి నేనిచ్చే తెలుగు "చేస్తాను" కాదు, "చేసుకుంటాను". ఏ పండితుడూ నేర్పకుండానే మన అమ్మలూ అమ్మమ్మలూ ఆ తేడాను నాలుక మీద నిలబెట్టారు.

గుళ్ళో అర్చన వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. ఇంట్లో మనం మమ, అంటే నా అని మొదలుపెడతాం. గుళ్ళో అర్చకులు మన గోత్రం, పేరు అడిగి "అస్య యజమానస్య" అంటారు, ఈ యజమానికి అని. అక్కడ నియమం ప్రకారం కరిష్యామి రావాలి. వాడుకలో కరిష్యే అనడమూ వింటాం, దానికి తప్పు పట్టక్కర్లేదు.

సంకల్పం మొత్తం ఒకే ఒక్క వాక్యం, క్రియ చివర్లో. తెలుగు వాక్యం నడకే. ఎవరైనా "మీదేవూరు?" అంటే ప్రకాశం జిల్లా, ఒంగోలు దగ్గర, ఫలానా ఊరు అని పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి వస్తాం కదా, సంకల్పమూ అంతే. బ్రహ్మగారి ఆయుర్దాయం దగ్గర మొదలవుతుంది. ఆయన నూరేళ్ళలో సగం గడిచి రెండో సగం నడుస్తోంది, అది ద్వితీయపరార్ధం. అందులో ఇప్పటి పగలు శ్వేతవరాహకల్పం. ఆ పగటిలో 14 మన్వంతరాలు, మనం ఉన్నది ఏడోదైన వైవస్వతంలో. ఆ తర్వాత 4,32,000 ఏళ్ళ కలియుగంలో మొదటి పాదం. అక్కణ్ణుంచి సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. మొన్నటి, అంటే 2025 చవితికైతే విశ్వావసు నామ సంవత్సరే, దక్షిణాయనే, భాద్రపదమాసే, శుక్లపక్షే, చతుర్థ్యాం తిథౌ, సౌమ్యవాసరే. సౌమ్యుడంటే సోముడి కొడుకు, బుధుడు. అంత కాలాన్ని వరసగా మడిచి మడిచి, చివరికి పీట మీద కూర్చున్న ఒక మనిషి గోత్రం, పేరు దగ్గర ఆపుతారు. ఆ మనిషి నోట వచ్చే మాటే కరిష్యే. ఉద్ధరిణెతో నీళ్ళు పోసుకుని, అక్షతలతో కలిపి పళ్ళెంలో వదిలేది అప్పుడే.

పుస్తకాల్లో ఒక అచ్చుతప్పు గురించి చెప్పకుండా ఉండలేను. చాలావాటిలో "ద్వితీయపరార్థే" అని థకారంతో వేస్తున్నారు. పరార్థం అంటే ఇతరుల కోసం. ఇక్కడ కావలసింది అర్ధం, సగం. చుక్కలో తేడా అనుకుంటాం గానీ అర్థమే మారిపోతోంది. పెన్నుతో దిద్దుకోండి.

* * *

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నేను డాలస్ నుంచి. మా గుళ్ళో జంబూద్వీపే బదులు "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అంటారు. ఇంట్లో పూజకు నేను మాత్రం గుంటూరు నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, శ్రీశైలంతో సహా చదివేస్తున్నాను. తప్పంటారా? ఆ మాట మానేస్తే ఊరితో ఉన్న దారం తెగిపోతుందేమోనని భయం.

* * *

బాబూ, మీ బెంగ నాకు అర్థమైంది. కానీ ఆ వరస మొత్తం ఉన్నది "ఇక్కడ" అని చెప్పడానికే. పురాణాలు చెప్పే ఏడు ద్వీపాల్లో క్రౌంచం ఒకటి, అక్కడి పెద్దలు మీరున్న నేలకు ఆ పేరు ఎంచుకున్నారు. మీ గుడి వాడుకనే ఇంట్లోనూ పాటించండి. తిథిని కూడా అక్కడి సూర్యోదయానికి లెక్కకట్టిన పంచాంగంలో చూసుకోండి. ఊరితో దారం మీ గోత్రంలోనే ఉంది, అది ఎక్కడికీ పోదు.

ఇక్కడున్నవాళ్ళం కూడా సరిగ్గా చదువుతున్నామా అంటే, లేదు. పుస్తకాల్లో సాధారణంగా "కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే" అని అచ్చయి ఉంటుంది. గోదావర్యోః అనేది ద్వివచనం, రెండు నదుల మధ్య అని. తెలుగులో ద్వివచనం లేదు కాబట్టి ఆ మాట బరువు మనకు చప్పున తెలియదు. విజయవాడ వాళ్ళకు అది సరిపోతుంది. మాది ఒంగోలు, కృష్ణకు దక్షిణాన. మా నాన్నగారి వ్రతకల్పం పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, అంచులన్నీ పసుపు మరకలు. ఆ పేజీలో "గోదావర్యోః" మీద పెన్సిల్‌తో సన్నగా గీత కొట్టి, పైన "కావేర్యోః" అని రాసుకున్నారు. పక్కనే "శ్రీశైలస్య ... ప్రదేశే" అని దిక్కు కోసం వదిలిన ఖాళీ గీత మీద "ఆగ్నేయ" అని ఉంది. ఒంగోలు శ్రీశైలానికి ఆగ్నేయాన ఉంది మరి. విశాఖ వైపు "గంగాగోదావర్యోర్మధ్యదేశే" అంటారు, వాళ్ళు గోదావరి దాటి పైన ఉన్నారు కాబట్టి. పుస్తకంలో ఆ ఖాళీ వదిలింది మనం నింపుకోవడానికే. నాన్నగారు పోయాక ఆ పెన్సిల్ గీత చూసినప్పుడల్లా, ఆయన ఎక్కడ కూర్చుని పూజ చేసుకున్నారో ఆయనే చెబుతున్నట్టుంటుంది.

* * *

మాస్టారూ, మా అమ్మాయి మీరు రాసిందంతా రెండుసార్లు చదివింది. "యజమాని" దగ్గర దాని కళ్ళు మెరిశాయి. ఇంకో రెండు సందేహాలు. హైదరాబాద్‌కు ఏమని చదవాలి? పుస్తకంలో "గోత్రః, నామధేయః, ధర్మపత్నీ సమేతః" అని ఉంది. వరలక్ష్మీ వ్రతానికి కూడా నేను అదే చదివేస్తున్నాను!

* * *

అమ్మా, మీరు "గోత్రవతీ, నామధేయవతీ" అని చదవండి. ధర్మపత్నీ సమేతః వదిలేయండి. కరిష్యే మాత్రం మారదు, దానికి ఆడామగా తేడా లేదు, మన "చేసుకుంటాను"కు లేనట్టే. హైదరాబాద్‌కు "మేరోర్దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య వాయవ్యప్రదేశే, కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే". ఆ తర్వాత "స్వగృహే" అని ఉంటుంది. అద్దె ఇల్లయితే "వసతిగృహే" అనాలి. మీది సొంతిల్లా?

* * *

అద్దెదే మాస్టారూ. అమ్మాయి ఇప్పుడే పెన్సిల్ తెచ్చి దిద్దేసింది.