రంపుల్డ్ అంటే ముడతలు పడిన అనా, నలిగిన అనా?

ప్రశ్న:
ఒక ఇంగ్లీష్ కథ తెలుగులోకి రాస్తున్నా, అందులో ఒకాయన రాత్రంతా కుర్చీలోనే నిద్రపోయి పొద్దున లేస్తాడు, ఆయన చొక్కాకీ జుట్టుకీ కలిపి రంపుల్డ్ అని వాడారు. డిక్షనరీ చూస్తే ముడతలు పడిన అని ఉంది, రింకుల్డ్‌కీ అదే, క్రంపుల్డ్‌కీ అదే. అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకండీ? ఇంకోటి, రింకుల్ స్పెల్లింగ్‌లో ముందున్న డబ్ల్యూ పలకాలా?

జవాబు:
నలిగిన చొక్కా అని రాసేయండి, సరిపోద్ది. డబ్ల్యూ పలకరు, రాంగ్‌లో పలుకుతామా, అంతే.

ఇంకో జవాబు:
ఒకటి కాదండీ. రంపుల్డ్ అంటే పడుకునో కూర్చునో నలిగి చెదిరినట్టు అవడం, బట్టలకీ పక్క దుప్పటికీ జుట్టుకీ కూడా వాడతారు, జుట్టుకి ముడతలేంటి చెప్పండి, అక్కడే డిక్షనరీ అర్థం తేలిపోయింది. మనిషినే రంపుల్డ్ అన్నా పెద్ద తిట్టు కాదు, ఇస్త్రీ మీద ధ్యాస లేని మనిషి అని కాస్త ఇష్టంగానే అంటారు చాలాసార్లు. క్రంపుల్డ్‌లో మాత్రం బలం ఉంటుంది, కాగితాన్ని పిడికిట్లో ఉండ చుట్టేస్తాం చూడండి, అది. కార్లలో క్రంపుల్ జోన్ అనేది కూడా ఇదే మాట, గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి ఆ దెబ్బ తను తీసుకుంటే లోపలివాళ్ళకి తగ్గుతుందని కావాలనే అలా కడతారు, మెర్సిడెస్‌లో బేలా బరేనీ అనే ఇంజనీర్ ఆలోచన, 1959లో వచ్చిన వాళ్ళ కారులో పెట్టారు. మనిషి ఉన్నచోటే కుప్పకూలినా క్రంపుల్ అయ్యాడనే అంటారు. రింకుల్డ్ అయితే బట్టలకీ వాడతారు గానీ ముందు గుర్తొచ్చేది చర్మమే, వయసు ముడతలు, నీళ్ళలో నానిన వేళ్ళు.

మరో జవాబు:
క్రీజ్ వదిలేశారేంటి, అసలు తిరకాసు అక్కడుంది. ప్యాంటుకి ఇస్త్రీతో తెప్పించే గీతా క్రీజే, అదే ఇస్త్రీతో పోగొట్టే ముడతా క్రీజే. మనకి హాయిగా మడత వేరు, ముడత వేరు, ఒక్క కొమ్ముతో తేడా వచ్చేసింది. క్రికెట్ క్రీజ్ కూడా గీతే కదా, బ్యాట్స్‌మన్ ముందుండే పాపింగ్ క్రీజ్ స్టంప్స్ గీతకి 4 అడుగుల ముందుంటుంది. (టాపిక్ దాటిపోయాను, సారీ)

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. ఒక్క మాటతో రెండిటినీ లాగుదామనుకోవడమే నా తప్పు. నలిగిన చొక్కా, రేగిన జుట్టు అని విడగొట్టేశా.