ఐఈపీ మీటింగ్‌కి ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

వానకోయిల: వచ్చే వారం మా బాబు ఐఈపీ (బడిలో ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్లాన్) మీటింగ్. ఎనిమిదేళ్లు, ఆటిజం. కిందటేడాది ప్లాన్‌లో "సంభాషణ మెరుగుపరచడం" అని రాశారు. మెరుగుపడిందో లేదో వాళ్లూ చెప్పలేకపోతున్నారు, నేనూ చెప్పలేకపోతున్నాను. ఈసారి ఏం అడగాలి?

గోరింట: ముందు ఇప్పుడెక్కడున్నాడో రాయించండి. దాన్నే బేస్‌లైన్ అంటారు. లక్ష్యం ఆ తర్వాతే. మా పాపకి ఇలా రాయించాం: "ఇప్పుడు ఏం కావాలన్నా చేయి పట్టుకుని లాగుతుంది. టర్మ్ ఆఖరుకి 5 సార్లలో 4 సార్లు బొమ్మకార్డు ఇచ్చి అడగాలి, క్లాసులోనూ, ఆటస్థలంలోనూ." లెక్క ఎవరు రాస్తారో కూడా అందులోనే పెట్టించండి. పేరు లేకపోతే ఎవరూ రాయరు, అంతే సంగతులు.

పలక_బలపం: నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. "ఇంట్లో చేస్తాడండీ" అని తల్లిదండ్రులు, "క్లాసులో చేయట్లేదండీ" అని టీచర్లు. రెండూ నిజమే కావచ్చు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటది రాదు. ఇంట్లో తీసిన చిన్న వీడియో పట్టుకెళ్లండి. ఒక బాబు వాళ్లమ్మ మాట చెప్పి పది సెకన్లు ఊరుకుంటుంది, క్లాసులోనేమో వెంటనే రెండోసారి చెప్పేస్తున్నారు. వీడియో చూశాకే ఆ తేడా తెలిసింది.

రవ్వంత: "అల్లరి" అని రాస్తే ఒప్పుకోకండి. దానికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది రాయమనండి. మావాడు లెక్కల పీరియడ్‌లో అరుస్తాడన్నారు. తీరా రాసి చూస్తే గొడవ లెక్కలతో కాదు, ఆ పీరియడ్ చివర మోగే గంటతో. ఇప్పుడు గంటకి ముందే హెడ్‌ఫోన్ పెడుతున్నారు.

గోరింట: ఇంకోటి. ఎక్కువ టైమ్, స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) లాంటివి వెసులుబాట్లు. సిలబస్ తగ్గించడం వేరే వ్యవహారం, రేపు సర్టిఫికెట్ మీద ప్రభావం పడొచ్చు. రెండూ కలిపి ఒకే పేరాలో రాసేస్తుంటారు, విడదీయించండి. సంతకం అక్కడికక్కడే పెట్టకుండా, కాపీ ఇంటికి తెచ్చుకుని చదవండి.

వానకోయిల: "ఒక్కడి కోసం ఇవన్నీ కుదరవు" అంటారేమోనని భయం.

పలక_బలపం: ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం వ్యక్తిగత తోడ్పాటు ఇవ్వాలనే చెప్తుంది. కానీ ముందే అది తీయకండి, మీటింగ్ వేడెక్కిపోతుంది. గంట, హెడ్‌ఫోన్ లాంటి పెద్దగా ఖర్చులేని వాటితో మొదలెట్టండి.

వానకోయిల: బాబుని తీసుకెళ్లొచ్చా?

రవ్వంత: కాసేపు కూర్చోబెట్టండి. మావాడు తలుపు పక్క సీటు కావాలని వేలు పెట్టి చూపించాడు. మాకెవరికీ తట్టలేదది, ప్లాన్‌లో రాయించాం.