‘ఎల్దమొస్తవా’: దిద్దాలా, వదిలేయాలా?

గాజువాక సభ్యురాలు:
ఆగస్టు 4న మా కాలనీ గ్రంథాలయంలో ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు గారి వర్ధంతి సభ పెడుతున్నాం. కరపత్రం పైన ఆయన పాటలోని మాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ వేద్దామనుకున్నాం. మా పెద్దాయన ఒకరు ‘పిల్లలు చదువుతారు, శుద్ధంగా వెళ్దాం వస్తావా అని వేయండి’ అంటున్నారు. ఏది సరైనది?

డాబాగార్డెన్స్ సభ్యుడు:
అమ్మా, మీ పెద్దాయన చేయమంటున్న తప్పు నేను ముప్పై ఏళ్ల క్రితమే చేసేశాను. అప్పట్లో ఇక్కడే ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒక కార్మిక సంఘం కరపత్రంలో సరిగ్గా ఈ మాటే వచ్చింది. ఎర్ర సిరాతో ‘వెళ్దాం వస్తావా’ అని దిద్ది పంపాను. మర్నాడు ఆ సంఘం మనిషి వచ్చి ఒక్క ముక్క తిట్టలేదు. బల్ల మీద వేళ్లతో దరువేస్తూ ముందు పాటలో మాట పాడాడు, తర్వాత నేను దిద్దినది పాడబోయాడు. దరువు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో ఇంటికెళ్లి గురులఘువులు (సాగే అక్షరాలు గురువులు, పొట్టివి లఘువులు) వేసుకుంటే తెలిసింది. ‘వెళ్దాం వస్తావా’లో అయిదూ గురువులే. బరువు మోస్తూ మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. ‘ఎల్దమొస్తవా’ను విడగొట్టండి: ఎల్ద, మొస్త, వా. గురువు లఘువు, గురువు లఘువు, చివర ఒక గురువు. ఛందస్సులో గురువు పక్కన లఘువుంటే ‘గలం’ అంటాం, దాన్నే హగణమనీ అంటాం. ఇక్కడ వరసగా రెండు గలాలు. గల గల! కాలికి గజ్జె కట్టి ఆడుతూ పాడే మనిషి మాటలో గణాలే గలగలమంటున్నాయి. ఆయన లెక్క వేసి రాశారని నేననను. అడుగు తప్పని మనిషికి గణం తప్పదు.

ఇక ‘వ’ సంగతి. అది నిర్లక్ష్యం వల్ల జారిపోయింది కాదు, జారడానికి ఒక వరస ఉంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో విను ‘ఇను’ అవుతుంది, వీధి ‘ఈది’, వెన్నెల ‘ఎన్నెల’. అలాగే వెళ్లు ‘ఎల్లు’. పనిలో పనిగా ‘ళ’ కూడా ‘ల’ అయింది. (మా అమ్మమ్మ ‘కల్లు ఎర్రబడ్డాయి’ అంటే పట్నం చుట్టాలు కంగారు పడేవారు.) ఇంత నియమంగా జరిగే మార్పును తప్పు అనడం కుదరదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిదీ ఆ శ్రీకాకుళం వైపే కదా.

నాకు అన్నిటికంటే నచ్చేది వేరే ఉంది. ‘-దాము’ అన్నామంటే వినేవాడు అందులో ఉన్నట్టే. ‘మనం’ వెళ్దాం అంటాం కానీ ‘మేము’ వెళ్దాం అనం. అంటే వినేవాణ్ణి ముందే కలుపుకొని, ఆ తర్వాత ‘వస్తవా’ అని అడుగుతున్నాడు. వెళ్లడమూ రావడమూ ఒకే మాటలో! ‘మాతో వస్తావా’ అని ఉంటే అది పిలుపు మాత్రమే అయ్యేది. ఇక్కడ మనల్ని లెక్కలో వేసేసుకున్నాక అడుగుతున్నాడు, కాదనడం కష్టం.

కరీంనగర్ సభ్యుడు:
మాస్టారూ, చిన్న అభ్యంతరం. ‘వస్తవా’ మా తెలంగాణ మాట. మీ వైపు ‘వస్తావా’ అనే కదా అంటారు? 1972లో మొదలైన విప్లవ పాటల బృందం జననాట్యమండలిలో గద్దర్, వంగపండు ఇద్దరూ ఉన్నారు. మా యాస ఆయన పాటలోకి వచ్చి ఉంటుంది.

డాబాగార్డెన్స్ సభ్యుడు:
మంచి మాట పట్టారు. ‘వస్తవు’ మీదే, కాదనను. అయితే ‘ఎల్దము’ వైపు కూడా చూడండి. అక్కడా ‘దా’ కుదించుకుపోయి ‘ద’ అయింది. రెండు చోట్లా దీర్ఘం పోయిందంటే దాన్ని తీసేసింది దరువేనని నా నమ్మకం. ‘ఎల్దమొస్తావా’ అని పాడి చూడండి, రెండో గలం విరిగిపోతుంది.

మీరన్న కలయిక మాత్రం నిజం. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, మా విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన మనిషి పాట మీ జిల్లాల దాకా నడిచి వచ్చింది. శ్రీకాకుళ పోరాటంలో ఆయన కంటే ముందు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథ) ఊళ్లు తిరిగారు. 1969లో పాణిగ్రాహిని చంపేశారు. ఆ నేల పాటను వంగపండు అర్ధశతాబ్దం పాటు మోసుకు తిరిగారు, 1986లో ఈ ‘ఏం పిల్లడో’ సినిమాకూ ఎక్కింది. ఎక్కడా ‘ఎల్దము’కు అర్థం చెప్పవలసిన అవసరం రాలేదు. సింధియా జంక్షన్‌లో షిఫ్టు దిగి వచ్చే జనం మధ్య నేను విన్నప్పుడు పక్కనున్న ఒడియా కార్మికుడు కూడా ‘ఎల్దమొస్తవా’ దగ్గర గొంతు కలిపాడు. మిగతా పాట అతనికి ఎంత అర్థమైందో మరి.

గాజువాక సభ్యురాలు:
సరే, దిద్దం. ఇంకొక్క సందేహం. డీటీపీ అబ్బాయి ‘ఎల్దం వొస్తవా’ అని విడదీసి కొట్టాడు. అలా ఉండవచ్చా?

డాబాగార్డెన్స్ సభ్యుడు:
వద్దమ్మా. తెలుగు మాటకు మొదట ‘వొ’ ఉండదని చిన్నయసూరి గారే బాలవ్యాకరణంలో చెప్పారు. కాబట్టి ‘ఒస్తవా’. ఎల్దము, ఒస్తవా కలిస్తే ఉత్వసంధి, ‘ఎల్దమొస్తవా’. చూశారా, సూరి గారు పాటగాడి పక్షానే ఉన్నారు, నా ఎర్ర సిరా పక్షాన కాదు. కలిపే కొట్టమనండి. విడదీస్తే అక్కడ ఊపిరి తీసుకోవాలి, పాటలో ఆ వ్యవధి లేదు. ప్రూఫు వచ్చాక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ‘పిల్లడో’లో దీర్ఘం ఉందో లేదో ఒకసారి చూస్తాను.