‘జెండాలు ఊపడమేగా’ అన్నవాళ్లకు కలర్ గార్డ్ గురించి ఏం చెప్పాలి?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పన్నెండో తరగతి, నాలుగేళ్లుగా కలర్ గార్డ్‌లో ఉంది. ఇప్పుడు కాలేజీ అప్లికేషన్ల టెన్షన్ నడుస్తోంది. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్ అనే ఆన్‌లైన్ ఫారంలో ఒక్కో యాక్టివిటీని వివరించడానికి ఇచ్చేది 150 అక్షరాల చోటు. అంతకంటే ముందు అది ఏ రకమో జాబితాలోంచి ఎంచుకోవాలి. అథ్లెటిక్స్ ఉంది, డాన్స్ ఉంది, మ్యూజిక్ ఉంది. కలర్ గార్డ్ మాత్రం లేదు. మావారు అథ్లెటిక్స్ పెట్టమంటారు, అమ్మాయి డాన్స్ అంటుంది. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్ ఫుట్‌బాల్ మైదానంలో వాయిస్తూ నడుస్తుంటే, వాళ్ల మధ్య ఆరడుగుల కర్రల జెండాలు, చెక్క రైఫిళ్లు, సేబర్ అనే కత్తులు తిప్పుతూ, పైకి విసిరి పట్టుకుంటూ నాట్యం చేసే జట్టు ఉంటుంది. అదే కలర్ గార్డ్. చలికాలంలో బ్యాండ్ లేకుండా, జిమ్‌లో, రికార్డు చేసిన సంగీతానికి చేస్తే వింటర్ గార్డ్.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్లు గుడిలో ఎవరైనా అడిగితే "బ్యాండ్‌లో ఉంది" అనేదాన్ని. "ఏం వాయిస్తుంది?" అని అడిగేవారు. "వాయించదు, జెండా పట్టుకుంటుంది" అని గొంతు తగ్గించి చెప్పేదాన్ని. మా అమ్మాయి పక్కనే నిలబడి వినేది. అందుకే ఈసారి సరైన మాట దొరకాలని నా తపన. మీరైతే ఏం చెప్తారు?

పాత గార్డ్:
అక్కా, నేను హైస్కూల్లో నాలుగేళ్లు, తర్వాత రెండు వేసవులు డ్రమ్ కోర్‌లో, అంటే ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, గార్డ్ కలిసి పోటీల్లో ప్రదర్శించే బృందంలో చేశాను. ఇప్పుడు వారాంతాల్లో పిల్లలకు నేర్పుతున్నాను.

మాలో మేం "నేను స్పిన్ చేస్తాను" అంటాం. అంతకంటే వివరణ అక్కర్లేదు. బయటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరం ‘లాంటిది’ అనే మాట వెతుక్కుంటాం. చీర్‌లీడింగ్ లాంటిది అంటాం. కానీ మేం ఏ జట్టునూ ఉత్సాహపరచడం లేదు, ఆ పది నిమిషాలు మైదానం మాదే. మిలిటరీ కలర్ గార్డ్ లాంటిది అంటాం. వాళ్లు జాతీయ పతాకాన్ని గౌరవంగా మోస్తారు, విసరరు. పేరూ, రైఫిలూ అక్కడి నుంచే వచ్చాయన్నది నిజమే. సైన్యంలో రెజిమెంట్ జెండాను ‘కలర్స్’ అనేవారు, దానికి కాపలా కాసేవాళ్లు కలర్ గార్డ్. అయితే తర్వాత మెల్లగా మా దారి నాట్యం వైపు తిరిగింది. వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ సంస్థ 1977లో పుట్టింది. ఇప్పుడు ప్రతి ఏప్రిల్‌లో ఒహాయోలోని డేటన్‌లో దాని ఛాంపియన్‌షిప్స్ చూస్తే సైన్యం గుర్తుకు రాదు.

నా మాట ఏమిటంటే, ‘లాంటిది’ వదిలేయండి. ఒక్క టాస్ గురించి, అంటే ఒక్క విసురు గురించి చెప్పండి. నేనైతే ఇలా చెప్తాను. దాదాపు కిలో బరువుండే చెక్క రైఫిల్‌ను పైకి విసురుతాను. అది గాల్లో ఐదు చుట్లు తిరుగుతుంది. ఈలోపు నేను కింద ఒక చుట్టు తిరిగి, తల ఎత్తి, తాళం తప్పకుండా దాన్ని పట్టుకోవాలి. నాతో పాటు వరుసలో ఉన్న ఏడుగురూ అదే క్షణంలో పట్టుకోవాలి. చెక్క అరచేతికి తగిలే ఎనిమిది చప్పుళ్లు ఒకే చప్పుడుగా వినబడాలి. ఇది విన్నాక "జెండాలు ఊపడమేగా" అన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

కేటీ బ్యాండ్ నాన్న:
పాత గార్డ్ గారు బాగా చెప్పారు, కానీ ఫారంలో గడి నింపాల్సిందే కదా. నా ఓటు అథ్లెటిక్స్‌కే.

ఆగస్టులో హ్యూస్టన్ దగ్గర బ్యాండ్ క్యాంప్ చూసినవాళ్లెవరూ ఇది ఆట కాదనరు. తారు పార్కింగ్ లాట్‌లో, పొద్దుటి నుంచి, నీళ్ల క్యాన్లు పక్కన పెట్టుకుని చేస్తారు. మా వాడి చేతుల మీద బొబ్బలు మానకముందే మళ్లీ లేచేవి. ఓసారి రైఫిల్ తగిలి పెదవి చిట్లింది. బడి రోజుల్లో తరగతుల వేళకు బయట వారానికి 8 గంటలకు మించి మార్చింగ్ బ్యాండ్ రిహార్సల్ పెట్టకూడదని టెక్సస్‌లో బడి పోటీలను నడిపే యూఐఎల్ సంస్థ నియమం ఉంది. హద్దు పెట్టకపోతే ఎంతసేపు చేయిస్తారో దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. మార్చింగ్ బ్యాండ్‌ను పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్‌కు బదులుగా లెక్కించే వీలు కూడా ఈ రాష్ట్రంలో ఉంది. ఇందులో పడే ఒంటి శ్రమను రాష్ట్రమే ఒప్పుకుంది, మనకెందుకు మొహమాటం?

ఎడిసన్ కూచిపూడి టీచర్:
నాన్నగారూ, చెమట పట్టిందల్లా ఆట అయితే మా నాట్యమూ ఆటే. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళానికి కదులుతాం, కొందరు తల మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. చీలమండలు ఎంత నొస్తాయో చేసినవాళ్లకే తెలుసు. అయినా దాన్ని జిమ్నాస్టిక్స్ అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి గార్డ్‌లో కూడా ఉంది. ఆమె కోసం నేను వింటర్ గార్డ్ మార్కుల పద్ధతి తెలుసుకున్నాను. వందలో పరికరాలకు 20, శరీర కదలికకు 20, రూపకల్పనకు 20. మిగతా 40 జనరల్ ఎఫెక్ట్‌కు, అంటే చూసేవాళ్ల మీద ప్రదర్శన మొత్తం కలిగించే ప్రభావానికి. పరుగు పందెంలో ఎవరైనా "నీ పరుగు నా మనసును తాకింది" అని మార్కులు వేస్తారా? మీ అమ్మాయి డాన్స్ అంటోంది. చేసేది ఆమె, ఆ మాటకు విలువ ఇవ్వండి.

కేటీ బ్యాండ్ నాన్న:
టీచర్ గారూ, ఫిగర్ స్కేటింగ్‌లోనూ కళకు మార్కులున్నాయి. అది ఒలింపిక్ క్రీడే.

ఎడిసన్ కూచిపూడి టీచర్:
ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ‘ఆట’ అనే ముద్ర కోసం ఎందుకింత ఆరాటమో ఆలోచించండి. ఆట అంటేనే గౌరవం, నాట్యం అంటే తేలిక అన్న లెక్క మన లోపల ఎక్కడో ఉంది. దాన్ని పిల్లలకు అంటించకూడదు.

సూటిమాట:
నాది వేరే అభిప్రాయం. అడిగేవాళ్లకు పది సెకన్ల ఓపిక ఉంటుంది. ఐదు చుట్లు, ఎనిమిది చప్పుళ్లు అని మొదలుపెడితే మొహం పక్కకు తిప్పుతారు. చీర్‌లీడింగ్ లాంటిదంటే వెంటనే ఒక బొమ్మ కడుతుంది. తప్పేముంది?

పాత గార్డ్:
ఆ బొమ్మే తప్పు కదండీ. పైగా చీర్‌లీడింగ్ చేసేవాళ్లకూ ఇదే తిప్పలు. 2010లో కనెక్టికట్‌లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ కేసులో, పోటీ చీర్‌లీడింగ్‌ను టైటిల్ నైన్ (చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదనే చట్టం) కింద క్రీడగా లెక్కించడానికి వీల్లేదని ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. పిల్లలు కష్టపడలేదని కాదు. పోటీల పద్ధతి, నియమాలు అప్పటికి ఒక కొలిక్కి రాలేదని. అంటే మనం ఎవరి పేరు అరువు తెచ్చుకుంటున్నామో, వాళ్ల పేరే అప్పుడు కోర్టులో ఉంది.

పది సెకన్ల మాట మాత్రం న్యాయమే. నా పిల్లలకు నేను రెండు వాక్యాలు నేర్పిస్తాను. "మేం సంగీతానికి నాట్యం చేస్తూ జెండాలు, చెక్క రైఫిళ్లు విసిరి పట్టుకుంటాం. వీడియో చూపించనా?" అంతే. ఫోన్లో ఒక మంచి క్లిప్ సిద్ధంగా ఉంచుకోమంటాను.

సేబర్ తమ్ముడు:
నేను మాట్లాడొచ్చా? నా వయసు 19. మా గార్డ్‌లో ఇరవై రెండు మందిలో అబ్బాయిలం ఇద్దరం. రెండేళ్ల పాటు నాన్న స్నేహితులు వస్తే నేనూ "బ్యాండ్" అని ఊరుకునేవాణ్ని. వాళ్లు నవ్వుతారేమోనని భయం. ఇప్పుడు ఆ రెండేళ్లు గుర్తొస్తే బాధేస్తుంది. నాకు ఇష్టమైనదాన్ని నేనే దాచిపెట్టాను.

ఇంకో మాట. రైఫిళ్లను, సేబర్లను కలిపి మేం ‘వెపన్స్’ అంటాం. "నేను వెపన్ లైన్‌లో ఉన్నాను" అనేది మాకు గొప్ప. దయచేసి ఈ మాట బయట వాడకండి. ఒకసారి నా రైఫిల్ బ్యాగ్ చూసి పక్కింటి ఆవిడ బెదిరిపోయారు. అందులో గొట్టం లేదు, పేలే భాగం ఏదీ లేదు, తెల్ల టేపు చుట్టిన చెక్క అని విప్పి చూపించేదాకా ఆవిడకు ఊపిరి ఆడలేదు. ఆవిడ తప్పేం లేదు. ఈ దేశంలో బడి పిల్లలు ఏ వార్తలు వింటూ పెరుగుతున్నారో మనకు తెలుసు. రైఫిల్ అనే ముందు ‘చెక్క’ అని తప్పకుండా చేర్చండి.

ఫ్రిస్కో అమ్మ:
తమ్ముడూ, నీ మాటలు మా అమ్మాయికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ పక్కకు వచ్చి కూర్చుంది.

నిన్న తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. ఇన్నేళ్లూ ఆవిడకు "పరేడ్ లాంటిది" అనే చెప్పాను. ఈసారి ఫోన్ మా అమ్మాయికి ఇచ్చేశాను. అది నన్ను ఫోన్ పట్టుకుని దూరంగా నిలబడమని, డ్రైవ్‌వేలోకి రైఫిల్ తెచ్చి మూడుసార్లు విసిరింది. రెండుసార్లు పట్టుకుంది, మూడోసారి జారిపోయింది. కింద పడిందో లేదో తీసుకుని, మిగతా అడుగులన్నీ పూర్తిచేసి ఆగింది.

మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పడిపోయినప్పుడు ఆపేయకుండా ఎందుకు చేశావే?"

"పడితే ఆగకూడదు అమ్మమ్మా. తీసుకుని, మిగతావాళ్లు ఏ తాళంలో ఉన్నారో అక్కడ కలవాలి. అదే ముందు నేర్పుతారు."

"సరే, మళ్లీ విసురు" అంది మా అమ్మ. ఆట అనలేదు, డాన్స్ అనలేదు.

చివరికి అమ్మాయి గడిలో డాన్స్ ఎంచుకుంది. మావారు ఇంకా ఒప్పుకోలేదు, కేటీ నాన్నగారి పోస్ట్ నాలుగుసార్లు చదివి వినిపించారు. వివరణ తనే రాసుకుంది. దాని అర్థం ఇది: "ఎనిమిది మంది రైఫిల్ వరుసకు లీడర్‌ని. నాట్యం మధ్యలో విసిరి, ఒకే చప్పుడుతో పట్టుకుంటాం. కొత్తవాళ్లకు మొదట నేర్పేది: పడితే ఆగొద్దు." ఇంగ్లీషులో రాస్తే 150 దాటి పన్నెండు అక్షరాలు ఎక్కువయ్యాయి. ఏది తీసేయాలో తెలియడం లేదు.

సేబర్ తమ్ముడు:
అక్కా, ‘లీడర్’ అన్నది ఇక్కడ వద్దు. పదవి రాయడానికి 50 అక్షరాల గడి వేరే ఉంది, అక్కడ ‘రైఫిల్ సెక్షన్ లీడర్’ అని పెట్టండి. మిగిలిన చోటులో ‘చెక్క’ చేర్చండి. ‘పడితే ఆగొద్దు’ మాత్రం తీయకండి.